దానిమ్మ రంగు డ్రమ్ము

3, సోమవారం

షెడ్డు తాళం తీసి, గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాను. తమ్ముడు పోయి నెల దాటింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఇవాళ పనిలోకి వచ్చాను. ఇంట్లో ఎక్కే పిచ్చి ఇక్కడ ఎక్కదని ఎవరు చెప్పారో మరి.

లోపల అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. గోడ వారగా ఆరు పెట్టెలు, పెట్టె నుంచి పెట్టెకి తీగలు, చివర వాడు తగిలించిన చిన్న ఎర్ర బల్బు. వెలుగుతోంది. నేను రాని రోజుల్లో బాయిలర్ దగ్గర పనిచేసే ముసలాయన రోజూ పాత నీళ్ళు తోడేసి, కొత్త రంగునీళ్ళు పోశాడట. "మేకలు మాడిపోతాయని పోశానమ్మా" అన్నాడు. పెట్టెల్లో రంగు తినే సూక్ష్మజీవులకి మేకలని పేరు పెట్టింది తమ్ముడే. ఏ రంగు పోసినా నమిలేస్తాయని. ఇప్పుడు ఈ అద్దకం కార్ఖానా అంతా అదే పేరు. ఇంత చదువూ చదివి చివరికి వీళ్ళందరి లెక్కలో నేను మేకల కాపరిని.

మూలన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. మూత మీద నల్ల స్కెచ్ పెన్నుతో వాడి రాత: "దానిమ్మ. అక్కకి."

మూత తీశాను. ముప్పాతిక దాకా ఉంది. చిక్కటి ఎరుపు, అడుగు కనపడదు. మళ్ళీ మూసేశాను.

5, బుధవారం

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. అందరి విషయంలో ఏమో గానీ, రంగు చూడడంలో వాడి కళ్ళు బతికున్నప్పుడే చారెడు.

ఈ దానిమ్మ రంగుకి వాడు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. కొనేవాళ్ళు రెండుసార్లు బట్ట తిప్పి పంపారు. ఎరుపు ఎక్కువైందని ఒకసారి, నలుపు తగిలిందని ఇంకోసారి. అప్పుడు వీడు బజారుకెళ్ళి ఒక దానిమ్మకాయ కొనుక్కొచ్చాడు. గింజలు తెల్ల పళ్ళెంలో పోసి కిటికీ దగ్గర పెట్టి, బట్ట ముక్క పక్కన ఆనించి, చూసుకుంటూ రంగు కలిపాడు. సరిగ్గా కుదిరాక గింజలన్నీ నోట్లో పోసుకున్నాడు. "శాంపిల్ తినేస్తావేంట్రా" అంటే, "రంగు వచ్చేసింది కదక్కా, ఇంకెందుకవి" అన్నాడు. అద్దకం అయ్యాక తొట్టిలో మిగిలిన నీళ్ళు ఈ డ్రమ్ముకి పట్టి, బండి మీద తనే తోసుకొచ్చాడు. "నీ మేకలకి విందు" అన్నాడు. ఆ వారమే ఆస్పత్రిలో చేరాడు. వాడి చేత్తో వేసిన ఆఖరి రంగు ఇదే.

పని సంగతి రాసుకోవాలి. మేకలకి రంగొక్కటే చాలదు, కాస్త తీపి కూడా ఉంటేనే రంగుని బాగా కొరుకుతాయి. రోజూ కొలిచి కలిపే ఓపిక లేక, నెలకి సరిపడా పంచదార డ్రమ్ములోనే పోసేశాను. మగ్గు కూడా ఒకటే వాడుతున్నాను. దాంతోనే పెట్టెలో పాత నీళ్ళు తోడతాను, దాంతోనే డ్రమ్ములో ముంచుతాను. ఇదివరకైతే రెండు మగ్గులు, రెండూ మరిగే నీళ్ళతో కడగడం. ఇప్పుడు ఎవరు చూడొచ్చారు.

6, గురువారం

తమ్ముడి స్థానంలో వచ్చిన కొత్త మేస్త్రి ఇవాళ షెడ్డుకొచ్చాడు. మంచివాడే, నా బాధంతా అదే. చెడ్డవాడైతే తిట్టుకోడానికి వీలుగా ఉండేది.

చేతిలో క్యాను. అందులో నల్లటి నీళ్ళు.

"ఇవాళ్టి మురుగు మేడం. మీ మేకలకి పడుతుందేమో చూడండి."

"ఉప్పెక్కువ. చస్తాయి."

"ఉప్పు లేకపోతే బట్టకి రంగెక్కదు కదా మేడం. పాత మేస్త్రిగారి నీళ్ళలో మాత్రం ఉప్పు లేదంటారా?"

"దానికి అలవాటు పడ్డాయి."

"దీనికీ పడతాయేమో."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా" అన్నాను. అతను మెడ గోక్కుని, క్యాను అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. మూత కూడా తియ్యలేదు నేను. ఉప్పు నిజంగానే ఎక్కువ. కొలవలేదనుకో, చూస్తే తెలియడం లేదూ.

8, శనివారం

యజమాని వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు, ఎప్పుడూ అలా చెయ్యడు.

"కొత్త డ్రయర్ వస్తోందమ్మా. దానికి ఈ షెడ్డు తప్ప చోటు లేదు. మీ తమ్ముడి మొహం చూసి ఇన్నాళ్ళు ఊరుకున్నా. నెలాఖరు శుక్రవారం వస్తాను. మన తొట్లలోంచి పారే మురుగు, ఆ రోజుది, నా కళ్ళ ముందు తేటగా తీసి చూపించు. చూపిస్తే షెడ్డు నీదే. లేదంటే పెట్టెలు తీయించేస్తా."

"మరి నీళ్ళు?"

"ఇదివరకు ఎటు పోయేవో అటే." అంటే కాలవలోకి.

వెళ్తూ డ్రమ్ము మూత మీది రాత చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

పెట్టెలు మళ్ళీ కొనొచ్చు. మేకలు అలా కొనేవి కావు. మొదలుపెట్టినప్పుడు తమ్ముడు మన మురుగుకాలవ అడుగు నుంచి ఒక సీసాడు బురద తోడుకొచ్చాడు. "ఇంత రంగులో బతికాయంటే గట్టి ప్రాణాలక్కా, వీటినే పెంచు" అన్నాడు. ఆ బురదలోవే ఇవన్నీ. చచ్చిపోతే మళ్ళీ బురద తేవచ్చు. అది వాడు తెచ్చిన బురద కాదు.

9, ఆదివారం

మరదలు వంటింట్లో ఏదో అనబోయి ఆగింది. ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే, మాటలు కూడా ఆచితూచి వాడుకుంటున్నాం.

"ఏంటో చెప్పు" అన్నాను.

"ఆ డ్రమ్ములో నీళ్ళు ఇంకా ఉన్నాయా వదినా?"

"ఉన్నాయి."

"ఒక గుడ్డ ముంచి ఇస్తారా? తెల్ల గుడ్డ నేనే తెచ్చుకుంటా." కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపలేదు. "పెళ్ళైన కొత్తలో నాకొకటి అద్ది ఇస్తానన్నారు. ఊరందరి బట్టలూ అద్దారు. నా వంతు రానేలేదు. దీపం కింద చీకటన్నట్టు, ఇంట్లో ఆయన చేత్తో రంగేసిన గుడ్డ ఒక్కటీ లేదు."

"అవి వాడేసిన నీళ్ళే. రంగు సరిగా పట్టదు."

"పట్టినంతే పట్టనివ్వండి."

"చూద్దాంలే" అన్నాను.

పట్టదన్నది నిజం. కానీ నేను ఆలోచించింది అది కాదు. ఒక గుడ్డ ఎన్ని మగ్గుల నీళ్ళు పీలుస్తుందా అని ఆలోచించాను. ఆ పిల్ల మొహంలోకి చూస్తూ మగ్గులు లెక్కపెట్టుకున్నాను.

11, మంగళవారం

మేత పల్చన చేశాను. సగం డ్రమ్ము నీళ్ళు, సగం మామూలు నీళ్ళు. ఎండలు మండుతున్నాయి, ఈ కాలంలో పల్చటి మేతే మంచిది.

మేకలు పుట్టించే కరెంటు కొలిచే మీటరు కొంచెం దిగింది. తీగ ఎక్కడో వదులైనట్టుంది.

12, బుధవారం

తీగలన్నీ విప్పి, గీకి, బిగించాను. మీటరు ఇంకా దిగింది. పెట్టెల్లోపలి పొరలు పాడయ్యాయేమో. పొరలు మార్చాలంటే నెల పడుతుంది.

మేత ఇంకాస్త పల్చన చేశాను.

13, గురువారం

మగ్గులో ముంచితే రంగు మునుపటంత చిక్కగా అనిపించలేదు. షెడ్డులో వెలుతురు చాలడం లేదు. కిటికీ తుడవాలి.

డ్రమ్ము మూత గట్టిగా బిగించి, చుట్టూ టేపు వేశాను, చీమంత గాలి కూడా చొరకుండా. గాలి తగిలితే రంగు విరుగుతుంది. మేకలకి ఇక కొన్నాళ్ళు మంచినీళ్ళే. విశ్రాంతి ఇస్తే మళ్ళీ పుంజుకుంటాయి.

కొత్త మేస్త్రి ఇంకో క్యాను పెట్టి వెళ్ళాడు. ఈసారి లోపలికి రాలేదు.

15, శనివారం

ఏం లేదు.

17, సోమవారం

బల్బు ఆరిపోయింది.

పొద్దున్న చూసినప్పుడు ఆరిపోయిందా, నిన్నే ఆరిపోయిందా తెలియదు. కాలిపోయి ఉంటుందని ఇంకో బల్బు పెట్టి చూశాను. అదీ వెలగలేదు. రెండూ కాలిపోయినవే అయ్యుండాలి.

వాడికి రోగం మొదలైనప్పటి సంగతి ఇవాళంతా బుర్రలో తిరుగుతోంది. మూత్రం ఎర్రగా పోతుంటే రంగే అనుకున్నాడు. అద్దకం వాళ్ళు ఎవరైనా అలాగే అనుకుంటారు. నీలం నడిచిన రోజు తుమ్మితే నీలం, పసుపు నడిచిన రోజు చెమట పసుపు. దిండు గలీబు చూసి, ఇవాళ ఏ రంగు వేశారో మరదలు చెప్పేసేది. అప్పుడు కార్ఖానాలో ఎరుపులే నడుస్తున్నాయి. ఎరుపులు అయిపోయి ఆకుపచ్చలు మొదలయ్యాక కూడా ఎర్రగానే పోతుంటే, అప్పుడు వెళ్ళాడు డాక్టరు దగ్గరికి. మూత్రాశయంలో గడ్డ.

గడ్డ తీసేశారు. ఎరుపు ఆగిపోయింది. "రంగు పోయిందక్కా" అని నవ్వుతూ వచ్చి చెప్పాడు. కార్ఖానా అంతా తిరిగి అందరికీ చెప్పుకున్నాడు. తేటబడ్డా మళ్ళీ మళ్ళీ వచ్చి లోపల చూపించుకుంటూ ఉండాలన్నారు డాక్టరుగారు. వీడు ప్రతిసారీ వెళ్ళొచ్చాడు. "బాగుందన్నారు" అనేవాడు. అంత బుద్ధిగా వెళ్ళొచ్చినవాడికి తిరగబెట్టింది. ఇంకెవరిని అనాలి.

18, మంగళవారం

డ్రమ్ము మూత కొంచెం ఉబ్బింది. ఎండకి ప్లాస్టిక్ అంతే.

20, గురువారం

మరదలు క్యారేజీ తీసుకుని షెడ్డుకొచ్చింది. నేను పొద్దున్న మర్చిపోయి వచ్చానట. మర్చిపోలేదు, వదిలేసి వచ్చాను.

తను ఎప్పుడూ లోపలికి రాలేదు. పెట్టెల ముందు గొంతుక్కూర్చుని చూసింది.

"ఇదేంటి వదినా, ఒక్కో పెట్టెకి రెండేసి అరలున్నాయి?"

"మొదటి అరలో గాలుండదు. మేకలు అక్కడే ఉంటాయి. గాలి లేకపోతేనే రంగుని ముక్కలు చేస్తాయి. అవి తిన్నప్పుడు పుట్టే కరెంటు ఈ తీగలోకొస్తుంది. నీళ్ళు తేటబడ్డాక రెండో అరలోకి పోతాయి. అక్కడ గాలి కొడతాం."

"తేటబడ్డాక ఇంకా రెండో అరెందుకు?"

"తేటబడడం సగం పనే. రంగు విరిగి ముక్కలైంది, అంతే. ఆ ముక్కలు కంటికి కనపడవు. అసలు విషం అవే. గాలి ఉన్నచోట ఇంకో రకం మేకలు వాటిని తినాలి. అక్కడితో ఆపేసి కాలవలో వదిలితే, చూసేవాళ్ళకి మంచినీళ్ళే. ఒంట్లోకి పోతే మాత్రం..."

ఆగిపోయాను. తనకి చెప్పనక్కర్లేదు.

తను తీగ చివరిదాకా చూసి, "బల్బు వెలగట్లేదేం?" అంది.

"పొరలు పాడయ్యాయి."

"ఏం పెడుతున్నారు వీటికి?"

"మంచినీళ్ళు."

మరదలు డ్రమ్ము వంక చూసింది, దాని చుట్టూ టేపు వంక చూసింది. "మీరూ తినండి వదినా" అని క్యారేజీ నా ముందుకు జరిపి వెళ్ళిపోయింది. ఆ "మీరూ" అన్న మాటకి కోపం వచ్చింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా.

22, శనివారం

బాయిలరాయన దగ్గరికి వేడినీళ్ళకి వెళ్ళాను. స్టూలు తుడిచి వేశాడు. "మీ తమ్ముడు ఇక్కడే కూర్చునేవాడమ్మా, ఆస్పత్రి రోజుల్లో" అన్నాడు.

"ఆస్పత్రి రోజుల్లో అంటే?"

"అదేనమ్మా, చూపించుకోడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పిన రోజుల్లో. సెలవు పెట్టేవాడు, వచ్చి నా పక్కన కూర్చునేవాడు. వెళ్ళు బాబూ అంటే, రంగు పోయింది కదా బాబాయ్, ఇంకెందుకు, మళ్ళీ ఆ గొట్టాలూ అవీ నావల్ల కాదు అనేవాడు. భయమమ్మా. పైకి నవ్వేవాడు గానీ." ఆగి నా మొహం చూశాడు. "మీకు తెలుసనుకున్నా."

తెలియదు బాబాయ్ అన్నాను. వేడినీళ్ళు అక్కడే వదిలేసి వచ్చాను.

ఒరేయ్ వెధవా. ఒక్కసారి కూడా వెళ్ళలేదా నువ్వు? బాగుందన్నారు, బాగుందన్నారు అని నా కళ్ళలోకి చూసి చెప్పావే. తేట వేరు, మంచి వేరు అని రెండేళ్ళు నీ చెవిలో ఊదానే. ఆ రెండో అర నువ్వే కదరా బిగించింది. నీళ్ళ సంగతి అర్థమైనవాడివి, నీ ఒంటి సంగతి అర్థం కాలేదా. భయమేస్తే నాతో చెప్పకూడదూ. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని, చిన్నప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదా.

ఇవాళ ఇంతే. కళ్ళు కనపడడం లేదు.

23, ఆదివారం

బాయిలరాయన నిన్న గుమ్మం దాకా వెనకాలే వచ్చి ఇంకో మాట కూడా అన్నాడు, నిన్న రాయలేదు. "అమ్మా, ఆ డ్రమ్ము మీకు దాచుకోమని ఇచ్చాడా, మేకల్ని మేపమని ఇచ్చాడా?" అన్నాడు.

తీగలు బాగానే ఉన్నాయి. పొరలు బాగానే ఉన్నాయి. బల్బులు కూడా. నేను వాడు తెచ్చిన ప్రాణాల్ని మాడ్చి, వాడు వదిలిన రంగుని దాచుకుంటున్నాను. రాసేశాను, ఇక దీన్ని కొట్టెయ్యను.

మరదలితో, "రేపు డ్రమ్ము తెరుస్తాను. పెట్టెల్లో పోసేముందు నీ గుడ్డ ముంచుకో" అన్నాను. తను అటక మీంచి పెట్టె దింపుకుని తెల్ల నూలు గుడ్డ తీసింది. మధ్యాహ్నమంతా దాన్ని సబ్బు నీళ్ళలో ఉడకబెట్టి జాడిస్తూ కూర్చుంది. గంజి మిగిలితే రంగు మరకలు మరకలుగా పడుతుందని వాడు చెప్పాడట.

24, సోమవారం

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

మేమిద్దరం వెళ్ళేసరికి కొత్త మేస్త్రి షెడ్డు బయట క్యాను దించుతున్నాడు. మరదల్ని చూసి తల వంచుకుని వెళ్ళబోయాడు. "ఉండండి" అంది తను. "మీరూ రంగు మేస్త్రే కదా, చూడండి ఆ రంగు."

టేపు కోశాను. మూత తిప్పుతుంటే బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. దాంతో పాటే వాసన. మురుగుకాలవ అడుగు బురద వాసన. మొట్టమొదట వాడు సీసా మూత తీసినప్పుడు, ముక్కు మూసుకుని ఇద్దరం నవ్వుకున్న వాసన. అప్పటికే నాకు తెలిసిపోయింది. అయినా వంగి చూశాను.

రంగు లేదు.

డ్రమ్ములో అడుగు దాకా కనపడుతోంది. పైన తేట నీళ్ళు, అడుగున నల్లటి బురద, అందులోంచి సన్నగా లేచే బుడగలు. మగ్గు ముంచి వెలుతురులోకి తెచ్చాను. కిటికీ కూడా తుడిచాను కదా, వెలుతురు బాగానే ఉంది. తాగే నీళ్ళలా ఉన్నాయి.

పెట్టెలోంచి తీసిన మగ్గునే కడగకుండా డ్రమ్ములో ముంచాను. మేకలు దాంతో పాటే డ్రమ్ములోకి దిగాయి. పంచదార నేనే పోశాను. గాలి చొరకుండా టేపు నేనే వేశాను. గాలి లేకపోతేనే రంగు తింటాయని ఇదే షెడ్డులో మరదలికి పాఠం చెప్పిన మనిషిని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. రంగు విరక్కుండా మూత బిగించి, ఒక్క చుక్క మిగలకుండా నేనే మేపించేశాను.

మరదలు గుడ్డ నాలుగు మడతలు పెట్టి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఆ గుడ్డ వైపు చూడలేకపోయాను. "అడిగిన రోజే ఇచ్చుంటే పట్టేది. రెండు మగ్గులకి కక్కుర్తి పడి నీకు లేకుండా చేశాను" అన్నాను.

తను డ్రమ్ములోకి చూస్తూనే, "మేకలు మేసేశాయా వదినా?" అంది.

అచ్చం వాడు అడిగినట్టే. రోజూ సాయంత్రం పని దిగి, చేతులు తుడుచుకుంటూ ఈ గుమ్మంలో నిలబడి, "మేశాయా అక్కా" అనేవాడు. నేను నేల మీద కూర్చుండిపోయాను. వాడు పోయిన రోజున కూడా ఇంతలా ఏడవలేదు. మరదలు పక్కనే కూర్చుని నా వీపు మీద చెయ్యి వేసింది. తనూ ఏడ్చింది. ఓదార్చాల్సింది నేను, ఓదార్చింది తను.

కొత్త మేస్త్రి ఎటు చూడాలో తెలియక డ్రమ్ములోకే చూస్తున్నాడు. మెల్లిగా అన్నాడు: "మేడం, అడుగున బుడగలొస్తున్నాయి. అంటే ఇవి బతికున్నట్టేగా?"

అప్పుడు చూశాను, అంతసేపూ చూస్తూ కూడా చూడనిదాన్ని. పెట్టెల్లో మేకలు మాడిపోయాయి గానీ, డ్రమ్ములోకి దిగినవి కడుపునిండా తిని మందలు మందలుగా ఉన్నాయి. అడుగు బురదంతా అవే. వాడు తెచ్చిన విత్తనమే.

"బురద తీసి పెట్టెల్లో పొయ్యాలి. వడకట్టాలి ముందు, పెళ్ళలున్నాయి" అన్నాను. వడకట్టడానికి జల్లెడ కోసం వెతుకుతుంటే మరదలు గుడ్డ మడతలు విప్పింది.

"ఇది పనికొస్తుందా?"

"వద్దు. అది నువ్వు..."

"ఆయన డ్రమ్ములో ముంచడానికే తెచ్చా కదా" అంది.

గ్లవ్స్ తొడిగించాను. తనొక కొస, మేస్త్రి ఒక కొస పట్టుకున్నారు, నేను మగ్గుతో పోశాను. ఆరు పెట్టెలకీ సరిపోయింది.

పైన మిగిలిన తేట నీళ్ళు కాలవలో పొయ్యలేదు. రెండో అరల్లోకి పంపించి గాలి పెట్టాను. ఈసారి సగంలో ఆపేది లేదు.

26, బుధవారం

పెట్టెల్లో మేస్త్రి తెచ్చిన నల్లనీళ్ళు పోశాను. ఉప్పు కొలిచాను కూడా. దానిమ్మ నీళ్ళలో ఎంతుందో ఇంచుమించు అంతే.

మీటరు కదిలింది. బల్బుకి చాలదు. కదిలింది, అంతే.

మేస్త్రి రుమాలు చూపించి, "నల్లగా తుమ్మాను మేడం, మూడు రోజుల్నించీ నలుపే కదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళి మూత్రం పరీక్ష చేయించుకు రమ్మన్నాను.

"రంగే మేడం."

"రంగే అయితే మంచిదే. ఆ మాట డాక్టరు చెప్తే వింటాను."

బాయిలరాయన్ని తోడిచ్చి పంపిస్తున్నాను, దారిలో ఎక్కడా కూర్చోకుండా.

28, శుక్రవారం

యజమాని వచ్చాడు. బల్బు వెలగలేదు. నల్లనీళ్ళు బూడిద రంగుకొచ్చాయి, తేటబడలేదు. రెండు రోజుల్లో అంతకన్నా అవదు. రెండు గ్లాసులు ఆయన ముందు పెట్టాను. ఒకటి ఆ బూడిద నీళ్ళు, ఒకటి రెండో అరకి పంపకుండా పక్కన తీసిపెట్టిన డ్రమ్ము నీళ్ళు.

తేట గ్లాసు ఎత్తి చూడగానే ఆయన మొహం విప్పారింది. "ఇది ఆ డ్రమ్ములోదా? ఆ ఎర్రటి నీళ్ళా? ఇంకేం కావాలమ్మా, ఇలా తీసి కాలవలోకి వదిలేస్తే ఎవడు అడుగుతాడు? ఇంత బాగా వస్తుంటే చెప్పవేం?"

అవునని ఊరుకుంటే షెడ్డు దక్కేది.

"వదలకూడదు సార్. రంగు పోయింది, అంతే. లోపలిది లోపలే ఉంది. రెండో అరలో గాలి పెట్టి తియ్యాలి. దానికి ఇంకా రోజులు పడతాయి."

"చూడ్డానికి బాగానే ఉంది కదా."

"మా తమ్ముడికీ రంగు పోయింది సార్. చూడ్డానికి బాగానే ఉన్నాడు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగాడు. డ్రమ్ము దగ్గర ఆగాడు. "వాడు ఉంటే ఈపాటికి నాతో పోట్లాడేవాడు. నువ్వు పోట్లాడవు, ఇలా గుండెల్లో గుచ్చుతావు" అన్నాడు. గుమ్మం దాటి చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా, "డ్రయర్ వెనక వరండాలో పెట్టించుకుంటా. వచ్చే నెలాఖరుకి రెండో అర నీళ్ళు చూపించు" అన్నాడు.

నెల రోజులు. చాలకపోవచ్చు. అడిగితే ఇంకో నెల ఇస్తాడో లేదో తెలియదు.

30, ఆదివారం

మేస్త్రికి రంగేనట. డాక్టరు చీటీ నాకు తెచ్చి చూపించాడు. ఆర్నెల్లకి మళ్ళీ వెళ్ళాలని చెప్పాను. బుర్ర ఊపాడు. ఆ ఊపు నేను నమ్మను, నేనే గుర్తుచేస్తాను.

ఆదివారమైనా మేకలకి మేత వెయ్యాలని షెడ్డుకి వెళ్ళాను. మరదలూ వచ్చింది. బురద వడకట్టిన గుడ్డ మూలన బకెట్లో నానుతోంది. గ్లవ్స్ వేసుకుని, వాకిట్లో కూర్చుని ఉతికింది. సబ్బు పెట్టి, రుద్ది, జాడించి, మళ్ళీ సబ్బు పెట్టి. జాడించిన నీళ్ళన్నీ నేను పెట్టెల్లోకే పట్టాను. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకమన్నాను. వచ్చాక కూడా ఇంకోసారి ఉతకమన్నాను.

పిండి వెలుతురుకి పట్టుకుంది. గుడ్డ తెల్లగానే ఉంది, మధ్యలో మాత్రం అరచెయ్యంత మేర మట్టి రంగు మరక, అంచుల్లో ఎక్కడో ఎరుపు జీర. దానిమ్మ రంగని ఎవరూ అనరు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మా ఇద్దరికే తెలుసు.

"ఇది పోవట్లేదు వదినా" అంది. "ఇంకా ఉతకమంటారా?"

"వద్దు. ఉండనీ" అన్నాను.